పద్నాలుగో రోజు తూకం

"గడప తొక్కావంటే మర్యాద దక్కదు హెప్సిబా. ముందే చెప్తున్నాను."

దానమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ ద్వారబంధానికి అటొకటీ ఇటొకటీ ఆనించింది. రొయ్యల షెడ్డులో ఇరవై ఏళ్ళుగా ఐసు ట్రేలు మోసిన చేతులవి. వాటిని దాటుకుని లోపలికి పోవడం ఆడపడుచు వల్ల అయ్యే పని కాదు.

హెప్సిబా మెట్టు కిందే ఆగింది. భుజాన ఆశా కార్యకర్తలకి ఇచ్చే సంచీ వేలాడుతోంది. ఆ సంచీతో పదమూడేళ్ళుగా పేటలో ఆమె వెళ్ళని పురిటిల్లు లేదు. ఎవరూ ఎప్పుడూ గుమ్మంలో ఆపలేదు. చివరికి ఆపింది సొంత అన్న పెళ్ళాం.

"ఇవాళ పద్నాలుగో రోజు వదినగారూ," అంది గొంతు పెంచకుండా. "బాబుని చూడాలండి. ఒళ్ళు వెచ్చగా ఉందో లేదో చూసి, తూకం వేసి వెళ్ళిపోతాను. మీరు నాతో మాట్లాడక్కర్లేదు."

"పాపని చూసినట్టేనా?"

హెప్సిబా జారుతున్న సంచీ పట్టీని భుజం మీదికి లాక్కుంది.

"చెప్పవే. కవల పిల్లలు పుడితే ఏలూరు నుంచి రెండు చేతుల్లో ఇద్దరిని తెచ్చుకున్నాను. ఎనిమిదో రోజు తెల్లారేసరికి ఒక చెయ్యి ఖాళీ అయిపోయింది. నువ్వు మాత్రం పాప తూకం కార్డు నిండా వచ్చినట్టు రాసుకున్నావు. ఇప్పుడు వీడి కోసం వచ్చావా?"

వీధి కుళాయి దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ కదలడం లేదు. మొన్న ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళ దానమ్మ లేచి, "నా మనవరాలిని చంపింది ఈ మూడో వరసలోనే కూర్చుంది," అన్నప్పటి నుంచీ పేటకి ఇంకో కబురు లేదు. పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని హెప్సిబా ఆ రోజూ తల వంచుకుని కూర్చుంది. ఆ తల వంపు చూసి సగం పేట ఆమెదే తప్పని తేల్చేసింది.

అరుగు మీద విశ్వాసం చిరిగిన వలకి ముళ్ళు వేస్తున్నాడు. ఒక పక్క పెళ్ళాం, ఇంకో పక్క తోడబుట్టింది. చెరువు కాపలాకి వెళ్ళాల్సిన వేళ దాటిపోయినా లేవలేదు, మాట్లాడలేదు. తలెత్తి ఎవరి ముఖం చూసినా తంటాయే అనుకున్నాడేమో, ముడి మీద ముడి వేస్తూ పోయాడు.

"పాలు పట్టుకుంటున్నాడా వదినగారూ? అదొక్కటీ చెప్పండి."

"నీకు చెప్పను."

"పాదాలు చల్లగా ఉంటే మాత్రం..."

"నీకు చెప్పనన్నాను కదా. మధ్యాహ్నం ఆసుపత్రిలో మీ మీటింగు ఉందటగా. అక్కడికొచ్చి చెప్తాను. పాప కార్డు నా దగ్గరే ఉంది. అందరి ముందూ పెడతాను. నీ ఉద్యోగం ఊడబెరికించకపోతే నా పేరు దానమ్మ కాదు."

హెప్సిబా అప్పుడు తలెత్తింది. ఆ కళ్ళలో బెదురు లేదు. వదిన అరుపులకి ఆడపడుచు బెదరకపోవడం కొత్త కాదు గానీ, ఈ చూపు వేరు.

"తీసుకురండి వదినగారూ," అంది మెత్తగా. "జాగ్రత్తగా తీసుకురండి. ఐసు తడి తగలనివ్వకండి. ముఖ్యంగా ఆ చివరి పేజీ చిరగనివ్వకండి. మీరు తెస్తారనే ఎదురు చూస్తుంటాను."

సంచీ సర్దుకుని వెనక్కి తిరిగింది. దానమ్మకి గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు.

* * *

లోపలి గదిలో సాంబ్రాణి పొగ ఇంకా పోలేదు. పొద్దున్నే దానమ్మ మనవడిని కాళ్ళ మీద వేసుకుని తలారా నీళ్ళు పోసి, పొగ వేసి, దిష్టి చుక్క పెట్టి పడుకోబెట్టింది. మంచం మీద షారోన్ బిడ్డ పాదం చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. మొదటి కాన్పుకి పుట్టింటికొచ్చి, ఇద్దరిని కని, ఒకర్ని మట్టికిచ్చింది. అప్పటి నుంచీ ఏడవడం లేదు, అదే దానమ్మకి భయంగా ఉంది.

"పాదం చల్లగా ఉందమ్మా."

"స్నానం చేశాడుగా. అదే సర్దుకుంటుంది."

"రెండుసార్లు పాలకి తీసుకున్నాను. నోరు తెరవలేదు."

"నిద్ర మత్తు. నువ్వూ అంతే, కడుపు మాడినా నిద్ర లేచేదానివి కావు."

షారోన్ తల్లి ముఖంలోకి చూసింది. "అత్తని రానివ్వాల్సింది. తూకం వేసేది."

"చెల్లెలు పోయిందని వీడికి తెలిసినట్టుంది, అందుకే డీలాపడ్డాడు. తూకం వేస్తే దుఃఖం తగ్గుతుందా? ఆమె ఇంట్లో అడుగు పెట్టడానికి వీల్లేదు."

"అత్త చివరి పేజీ అంటుందేంటి?"

దానమ్మ చాప మడవడం మొదలుపెట్టింది. మడిచిన చాపని విప్పి మళ్ళీ మడిచింది. "ఏదో వాగుతుంది. గిల్టు నగకి మెరుపెక్కువ."

"కార్డు చూపించమ్మా."

"ఇప్పుడెందుకు? చూసి ఏడవడానికా? నేను దాచాను."

షారోన్ బిడ్డ పాదాన్ని దుప్పట్లోకి జరిపింది. వీధి అరుగు మీద వల ముడి పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తండ్రి ఉన్నవైపే కాసేపు చూసింది. "నాన్నా," అని పిలిచింది. ముడి చప్పుడు ఆగింది. విశ్వాసం పలకలేదు.

ఇక్కడ దానమ్మ ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఆమె కోపం సగమే అర్థమవుతుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఏలూరు నుంచి పిల్లల్ని తెచ్చుకున్నారు. ఆ సాయంత్రమే హెప్సిబా వచ్చింది. రాలేదనడం అబద్ధం. షారోన్ లోపల ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉంది. హెప్సిబా సంచీలోంచి త్రాసు తీసింది. పైన పట్టుకునే ఉంగరం, కింద కొక్కెం, కొక్కేనికి తగిలించే గుడ్డ ఉయ్యాల. దాన్ని చూడగానే దానమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

షెడ్డులో దూలానికి కాటా వేలాడుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ కొక్కేనికి ట్రేలు తగిలించి ముల్లు చూడటమే దానమ్మ పని. దాని మీద తూగినదేదీ ప్రాణంతో ఉన్నది కాదు.

"కొక్కేనికి తగిలించేది చచ్చినవాటిని. నా పిల్లల్ని తగిలించనివ్వను," అంది.

"చిన్నది రెండు కేజీలే ఉంది వదినగారూ. బరువు తగ్గుతుందేమో ముందే తెలియాలండి. తెలిస్తే ఏలూరు తీసుకుపోవచ్చు," అని హెప్సిబా బతిమాలింది.

"ఆసుపత్రిలో చూశారుగా, అదే వేసుకో. ఏడో రోజుది కూడా ఇప్పుడే రాసెయ్యి, నేను సంతకం పెట్టేస్తాను. పురుడు వెళ్ళేదాకా మళ్ళీ ఆ త్రాసుతో నా గుమ్మం ఎక్కకు."

ఇంకా రెండిళ్ళు తిరగాలి, ఫోనులో వివరాలు ఎక్కించాలి, చీకటి పడకముందు ఇల్లు చేరాలి. వదినతో వాదించి నెగ్గినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. హెప్సిబా రాసేసింది. దానమ్మ ఇద్దరు పిల్లల కార్డుల్లోనూ, రెండు రోజులకీ, ఒత్తి ఒత్తి సంతకాలు పెట్టింది. ఆ సంతకం చెయ్యడం ఎప్పుడో రాత్రి బడిలో చెయ్యి పట్టుకుని నేర్పింది కూడా హెప్సిబాయే.

మెలకువొచ్చి షారోన్, "అత్త గొంతు వినిపించింది, వచ్చిందా?" అనడిగితే, "రాలేదు, ఎవరో వీధిలో," అంది దానమ్మ. వచ్చిందంటే తూకం ఎందుకు వెయ్యలేదంటుంది, చదువుకున్న పిల్ల, గొడవ చేస్తుంది. ఆ పూట గండం గడవడానికి ఆడిన చిన్న అబద్ధం. అయిదు రోజుల తర్వాత పసిపిల్ల పోయింది. చిన్న అబద్ధం ఆ పూటే పెద్దదైపోయింది, ఇక దాన్ని వెనక్కి తీసుకోవడానికి దానమ్మకి ధైర్యం చాలలేదు.

అందుకే హెప్సిబా చంపిందనాలి. గట్టిగా అనాలి. అందరి ముందూ అనాలి. హెప్సిబా తప్పయితే తన తప్పు కాదు. రోజుకి పదిసార్లు అనగా అనగా, నిజం చెప్పొద్దూ, దానమ్మ సగం నమ్మేసింది కూడా.

ఫోను మోగింది. తాడేపల్లిగూడెం నుంచి అల్లుడు నిరంజన్. ఉల్లిపాయల మార్కెట్లో ట్రాలీ ఆటో తోలుతాడు. మాట తక్కువ మనిషి. బిడ్డని పాతిపెట్టిన రోజు కూడా ఒక్క మాటే అన్నాడు, "ఎవరి వల్ల పోయిందో నాకు తెలియాలి," అని.

"ఇవాళే కదా అత్తయ్యా మీటింగు?"

"ఇవాళే బాబూ. ఇప్పుడే బయల్దేరుతున్నాను."

"తేల్చుకునే రండి. ఆ మనిషి నా కొడుకు ముఖం మళ్ళీ చూడకూడదు. చుట్టమని చూడను, పెద్దావిడని చూడను. షారోన్‌ని, వాణ్ణీ తీసుకొచ్చేస్తాను. ఆ మనిషి చెయ్యి వాడి మీద పడే వీలు లేకుండా చేస్తాను."

"అలాగే బాబూ," అంది దానమ్మ.

బీరువా అడుగున పాత చీరల మడతలో దాచిన పాప కార్డు తీసింది. కైకలూరు జిరాక్సు షాపులో రాయించుకున్న అర్జీ కూడా తీసింది. రెండూ కలిపి ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుంది. వెళ్తూ మనవడి బుగ్గ మీద ముద్దు పెట్టింది. బుగ్గ చల్లగానే ఉంది. దుప్పటి ఇంకో మడత కప్పి బయటికొచ్చింది.

అరుగు దగ్గర విశ్వాసం మొదటిసారి నోరు విప్పాడు.

"వద్దు దానమ్మా."

"ఏం వద్దండి?"

"నీకు తెలుసు."

"చెల్లెలి మీద అంత ప్రేముంటే వెళ్ళి పక్కన కూర్చోండి," అని చెప్పులు వేసుకుంది. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు, మిగిలిన సగం మొగుడు కూడా దాని పక్షమే అనుకుంటూ ఆటో ఎక్కింది.

ఆ రోజు, ఆ సాయంత్రం, ఇదే అరుగు మీద విశ్వాసం ఇదే వల పట్టుకుని కూర్చున్న సంగతి ఆమెకి గుర్తుంది. ముప్ఫై ఏళ్ళ కాపరంలో ఆయన మాట్లాడింది తక్కువ కాబట్టి, ఇప్పుడూ మాట్లాడడని ఆమె ధీమా.

* * *

చెరువు గట్ల మీద ఆటో వెళ్తుంటే రెండు వైపులా ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. దానమ్మ దారి పొడవునా తను చెప్పబోయే మాటలు లోపలే వల్లె వేసుకుంది. సంతకం సంగతి అడుగుతారు. దానికి జవాబు సిద్ధంగా ఉంది. అడిగేది ఎవరైనా, తడబడకుండా చెప్పాలి.

ఆసుపత్రి హాల్లో ఇరవై మంది దాకా ఆశా కార్యకర్తలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఏఎన్నెమ్ నర్సమ్మ సత్యవేణి రిజిస్టరు ముందు పెట్టుకుని ఉంది. యాభై దాటిన మనిషి, మాటలో నిదానం. డాక్టరమ్మ పక్క గదిలో రోగుల్ని చూస్తోంది. హెప్సిబా కిటికీ పక్కన కూర్చుంది, సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని. వదినను చూసి లేచి తన కుర్చీ ఇవ్వబోయింది.

"నీ కుర్చీలో నేను కూర్చోను," అంది దానమ్మ. "సత్యవేణి గారూ, నాకో న్యాయం కావాలండి."

అర్జీ తీసి బల్ల మీద పెట్టింది. కార్డు తీసి దాని మీద పెట్టింది. తర్వాత చెప్పుకుపోయింది. మనవరాలు ఎలా పుట్టింది, ఎంత ముద్దుగా ఉండేది, ఎనిమిదో రోజు తెల్లవారుజామున ఎలా చల్లబడిపోయింది. అది చెబుతున్నప్పుడు కళ్ళ నీళ్ళు వచ్చాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు, ఆ పిల్ల మీద ఆమెకి ప్రాణం ఉంది.

"మూడో రోజు వచ్చిందని రాసుకుంది, రాలేదు. ఏడో రోజు వచ్చిందని రాసుకుంది, రాలేదు. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోనండి? ఆమెను తీసెయ్యాలి. తీసేస్తేనే నా మనవరాలి ఆత్మ శాంతిస్తుంది."

సత్యవేణి కార్డు తిప్పి చివరి పేజీ చూసింది.

"రెండుసార్లూ రెండు కేజీలనే ఉంది," అంది తనలో తను అనుకుంటున్నట్టు. "సంతకాలు మీవే కదండీ దానమ్మగారూ?"

"నావేనండి."

"రాని మనిషికి సంతకం ఎలా పెట్టారండి?"

"చదువురానిదాన్నండి. మా ఆయన పించను కాగితమంది. పెట్టమంది, పెట్టాను. ఆడపడుచు మోసం చేస్తుందనుకుంటామా?"

మాట తడబడలేదు. కుర్చీల్లో గుసగుసలు బయల్దేరాయి. పక్కన కూర్చున్న ఆడమనిషి హెప్సిబాకి దూరంగా కుర్చీ జరుపుకుంది. దానమ్మ అది చూసింది. ఆరు రోజుల్లో మొదటిసారి ఛాతీలో బరువు కాస్త దిగినట్టయింది.

"హెప్సిబా, నువ్వేమంటావు?"

హెప్సిబా లేచి నిలబడింది.

"తప్పు నాదేనండి. తూకం వెయ్యకుండా అంకె వేశాను. ఏడో రోజు వెళ్ళకుండా వెళ్ళానని రాశాను. వెళ్ళి ఉంటే, పిల్ల వాడిపోతోందని తెలిసేది. నన్ను తీసేస్తే తీసెయ్యండి, అడ్డు చెప్పను." అక్కడ ఆగింది. చీర చెంగు మడత సరిచేసుకుంది. "పించను కాగితమని మాత్రం నేను అనలేదండి. గుడిలో నన్ను హంతకురాలంది వదినగారు, ఓర్చుకున్నాను. నా నోటితో నేను చెబితే తప్పించుకోడానికంటారు. ఆవిడే కార్డు తెచ్చి పదిమందిలో పెట్టేదాకా ఆగుదామని ఆగాను. ఇప్పుడు పెట్టారు. పించను మాట నిజమైతే, బైబిలు మీద చెయ్యేసి అనమనండి. అంటే, పాపని నేనే చంపానని ఆ అర్జీ మీద నేనే సంతకం చేస్తాను."

హాల్లో తలలన్నీ దానమ్మ వైపు తిరిగాయి.

దానమ్మకి తెలుసు, ఇది వలే. పాప పోయినప్పటి నుంచీ తల వంచుకుని ఆడపడుచు అల్లిన వల. వెనక్కి తగ్గితే పోయేది పరువొక్కటే కాదు, కూతురు కూడా. అల్లుడి మాట చెవుల్లో ఉంది.

"తెండి," అంది. "ఎవరి దగ్గరుంది?"

వెనక వరసలో ఒకామె సంచీలోంచి చిన్న బైబిలు తీసి, ఇవ్వనా వద్దా అన్నట్టు సత్యవేణి వైపు చూసింది. "ఇది ఆఫీసండి, ఇవన్నీ వద్దు," అంటోంది సత్యవేణి. ఆమె మాట పూర్తి కాకముందే దానమ్మ పుస్తకాన్ని అందుకుని బల్ల మీద పెట్టి, దాని మీద కుడిచెయ్యి పెట్టింది.

"నేను దానమ్మని చెబుతున్నాను..."

"అమ్మా, చెయ్యి తియ్యి."

గుమ్మంలో షారోన్. పురిటి మనిషి, ఆటో దిగి మెట్లెక్కి రావడానికే ఆయాసపడుతోంది. గుండెలకి బిడ్డని హత్తుకుని ఉంది. వెనక విశ్వాసం.

"నాన్న చెప్పాడు. అంతా చెప్పాడు. చెయ్యి తియ్యి ముందు."

దానమ్మ చెయ్యి తీసింది. ముప్ఫై ఏళ్ళుగా మాట్లాడని మనిషి తలెత్తి సూటిగా తనవైపే చూస్తున్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకోబోయింది, రాలేదు.

షారోన్ తల్లిని దాటుకుని నేరుగా హెప్సిబా దగ్గరికి వెళ్ళింది.

"పొద్దుటి నుంచి పాలు ముట్టలేదత్తా. లేపితే లేవడం లేదు."

ఆ తర్వాత హెప్సిబా ఎవరి అనుమతీ అడగలేదు. బిడ్డ పొట్ట మీద చెయ్యి పెట్టింది, పాదాలు పట్టుకుంది, అరికాలు మీద వేలితో తట్టింది. బిడ్డ ముఖం చిట్లించాడు గానీ ఏడవలేదు. "డాక్టరమ్మని పిలవండి, 108కి చెయ్యండి," అంది. సత్యవేణి ఫోను తీస్తూనే పక్క గదిలోకి పరుగెత్తింది. హెప్సిబా సంచీలోంచి త్రాసు తీసి, బిడ్డని గుడ్డ ఉయ్యాలలో వేసి, కొక్కేనికి తగిలించింది. పైన ఉంగరం పట్టుకోవడానికి నలుగురు చేతులు చాపారు.

"మీరుండండి," అంది వాళ్ళతో. "వదినగారూ, మీరు పట్టుకోండి. రోజూ కాటా పట్టే చెయ్యి. వణకదు."

దానమ్మ పట్టుకుంది. పట్టుకోక తప్పలేదు, అందరూ చూస్తున్నారు. కొక్కెం కింద మనవడు గుడ్డలో ముడుచుకుని వేలాడుతున్నాడు. చెయ్యి వణికింది. ముల్లు ఊగి, ఊగి, ఆగింది. ముల్లు చదవడం ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు.

"ఎంతండి?" అంది హెప్సిబా. ఎదురుగా కనిపిస్తూనే ఉంది ఆమెకి.

దానమ్మ పెదవులు కదిలాయి.

"గట్టిగా చెప్పండి వదినగారూ. షారోన్‌కి వినపడాలి."

"కేజీ ఎనిమిది వందల యాభై."

పుట్టినప్పుడు రెండు కేజీల రెండు వందలు. ఆ లెక్క అక్కడున్న ఇరవై మందీ నోటితో అనకుండానే కట్టేశారు.

డాక్టరమ్మ వచ్చి చూసి, ఏలూరులో పసిపిల్లల వార్డుకి ఫోను చేసింది. ఈలోగా హెప్సిబా షారోన్‌ని కుర్చీలో వెనక్కి వాల్చి, బిడ్డకి బట్టలు విప్పి, తలకి టోపీ పెట్టి, తల్లి ఒంటికి ఒళ్ళు తగిలేలా గుండెల మధ్య పడుకోబెట్టి, తన చీర చెంగు చింపి ఇద్దరినీ కలిపి కట్టింది. పాలు పిండించి, చెంచాతో చుక్క చుక్కగా పెదవుల మీద వేసింది. మూడో చుక్కకి బిడ్డ నాలుక కదిపాడు. షారోన్ అప్పుడు ఏడ్చింది, పాప పోయాక మొదటిసారి.

ఏడుస్తూనే బల్ల మీది అర్జీ వైపు చెయ్యి చూపించింది.

"సత్యవేణి గారూ, ఆ కాగితం చింపకండి."

"ఇప్పుడదంతా ఎందుకమ్మా?"

"చింపకండి. అత్త పేరు కొట్టెయ్యక్కర్లేదు, అలాగే ఉండనివ్వండి. రాకుండా వచ్చానని రాసింది కదా. దాని పక్కన ఇంకో పేరు కూడా రాయాలి."

"ఎవరిదమ్మా?"

షారోన్ తల్లి వైపు చూసి ఊరుకుంది. చెబితే బాగుండుననిపించింది దానమ్మకి.

"నీకోసమే కదే," అంది. "దిష్టి తగలకూడదనే కదే నేను..."

"రాలేదన్నావు నాతో. అత్త రాలేదన్నావు. వచ్చిందని చెప్పి ఉంటే ఆ రోజే నేను లేచి నా చేత్తో తూకం వేసుకునేదాన్నమ్మా."

బయట 108 ఆగింది. స్ట్రెచర్ అక్కర్లేదంది షారోన్, బిడ్డని కట్టుకుని నడిచే వెళ్ళింది. దానమ్మ ప్లాస్టిక్ సంచీ పట్టుకుని వెనకే పరుగెత్తి, బండి మెట్టు మీద కాలు పెట్టింది.

"తల్లితో ఒక్కరే ఎక్కాలండి," అన్నాడు బండి మనిషి.

షారోన్ లోపలి నుంచి చెయ్యి చాపింది. దానమ్మ ఆ చెయ్యి అందుకోబోయింది. ఆ చెయ్యి ఆమెను దాటి వెనక్కి వెళ్ళింది.

"నువ్వు రా అత్తా. నీతో లెక్క తర్వాత తేల్చుకుంటాను. ముందు వాడికి పాలు పట్టించు."

హెప్సిబా మెట్టు దగ్గర ఆగింది. దానమ్మ పక్కకి జరిగి దారి ఇచ్చింది. పొద్దున గడపలో ఇవ్వని దారి. ఎక్కబోతూ హెప్సిబా పాప కార్డుని దానమ్మ చేతిలో పెట్టింది. మడత నలగకుండా, చివరి పేజీ పైకి వచ్చేలా పెట్టింది.

"ఇది మీ దగ్గరే ఉండనివ్వండి వదినగారూ. నాకిక దీంతో పని లేదు."

తలుపు పడింది. బండి గేటు దాటి ఏలూరు రోడ్డెక్కింది. విశ్వాసం ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాడు, పెళ్ళాన్ని రమ్మనలేదు.

దానమ్మ చేతిలో ఫోను మోగింది. రెండుసార్లు మోగి ఆగి, మళ్ళీ మోగింది. ఎత్తింది.

"గూడెంలో బయల్దేరాను," అన్నాడు నిరంజన్. వెనక బళ్ళ రొద. "తేలిందా అత్తయ్యా?"

"తేలింది బాబూ."

"ఎవరు?"

కార్డు చివరి పేజీలో తన పేరు రెండుచోట్ల ఉంది, ఒత్తి రాసిన అక్షరాలు. దానమ్మ దాని మీద బొటనవేలు పెట్టింది. వేలు ఒక సంతకానికే సరిపోయింది.

"పేరు చెప్పండత్తయ్యా. వింటున్నాను."